పరగడుపు మాత్ర

1963 జూలై, శుక్రవారం రాత్రి. ముత్తుకూరు.

ఏడో నెలతో పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి రూతుకు రక్తం తక్కువని ఇనుము మాత్రలు ఇచ్చారు. పొద్దుటి ప్రార్థన ముగిసేదాకా మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు గనుక, మాత్ర పరగడుపునే మింగించి ప్రార్థనకు కూర్చోబెట్టాను. రోజూ పిల్ల మధ్యలో లేచి వెళ్లి వాంతి చేసుకునేది. నేనేమో గొంతు పెంచి సాతానును గద్దించేవాణ్ణి.

ఈరోజు నెల్లూరులో డాక్టరమ్మ దాని కనురెప్ప లాగి చూసి, "రంగే రాలేదే" అన్నారు. జరిగింది చెప్పాను.

"సాతానుకేం సంబంధం అయ్యగారూ? కడుపులో నిలవంది రక్తంలోకి ఎట్లా పోతుంది? అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో ఇవ్వండి. పులుపుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది."

తిరుగు బస్సులో బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. అలసి పడుకున్నవాడికి దేవదూత మొదట రొట్టె పెట్టాడు, దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. ఎన్ని కూటాల్లో చెప్పానో ఆ సంగతి.

రాత్రి రూతు చేపల పులుసుతో అన్నం తిని మాత్ర వేసుకుంది. నిలిచింది. కాన్పుకు రెండు నెలలే ఉన్నాయి, అంతలో రక్తం పడుతుందో లేదో... అయినా మనసు తేలికగానే ఉంది.

"రేపట్నుంచి ముందు సద్దన్నం, తర్వాతే ప్రార్థన" అన్నాను.

"మరి నువ్వో నాయనా?"

"నేనూ తింటాలే."

వంటింట్లోంచి మా ఆవిడ అన్నది: "పెళ్లయినప్పటి నుంచీ నేను చేస్తున్న ప్రార్థన దేవుడు ఇవాళ విన్నాడు."