ఎనభై ఏడో గుండు

చిలకలపూడి,
12-11-1978

మా ఇంటి వెలుగు జోహ్రాకు, అబ్బా మనసారా చేసే దువా.

నీ ఇన్‌లాండ్ లెటర్ హాస్టలు నుంచి అందింది. పక్క పీటమీద పనిచేసే నరసింహం చేత మూడుసార్లు చదివించుకున్నాను. ఫస్టు ప్రైజా తల్లీ! అయిదో తరగతితో బడి మానేసిన నేను, నువ్వు గీసి పంపిన ఫ్రాన్సియం పరమాణువు బొమ్మ చూసి రాగితీగ ఏడు చుట్లు చుట్టి, రెండు, ఎనిమిది, పద్ధెనిమిది, ముప్పై రెండు, మళ్ళీ పద్ధెనిమిది, ఎనిమిది, ఒకటి అని లెక్కపెట్టి ఎలక్ట్రాన్ల చోట రోల్డుగోల్డు గుండ్లు అతికిస్తే, దానికి గుడివాడ సైన్సు ప్రదర్శనలో ఫస్టు ప్రైజా! మీ అమ్మీ సేమియా కాచి వీధంతా పంచింది.

నీ ఫ్రాన్సియం భూమి మొత్తం వెతికినా రెండు మూడు తులాలకు మించదని చదివి నరసింహం, "ఏంటి బావా, మీ అమ్మాయి పెళ్ళికి కూడా చాలదే!" అన్నాడు. అందులో సగం ఇరవై రెండు నిమిషాల్లోనే ఇంకో పదార్థంగా మారిపోతుందంటే, "మన రోల్డుగోల్డు మెరుగే నయం, రెండేళ్ళుంటుంది" అని పగలబడి నవ్వాడు.

చివరి చుట్టులో గుండు లేదేమని ప్రైజులు నిర్ణయించే ఆఫీసరుగారు అడిగితే, "ఆ ఒక్క ఎలక్ట్రానునూ పక్కనున్నదానికి ఇచ్చేయడమే దాని గుణమండీ, మా అబ్బా కావాలనే ఖాళీ వదిలారు" అన్నావట! అందరూ చప్పట్లు కొట్టారట! హైదరాబాదు ప్రదర్శనకు నెలలోగా ఇంకో ఆరు బొమ్మలు కావాలని హెడ్‌మిస్ట్రెస్ సత్యవతమ్మగారు అడిగితే మాటిచ్చేశావట. చేస్తానమ్మా, చెయ్యకేం!

నీ అబ్బా,
అల్లావుద్దీన్


చిలకలపూడి,
5-12-1978

నా బంగారు తల్లీ జోహ్రా,

వంకరగా ఉన్నాయని అక్షరాలను తిట్టుకోకు. స్కేలు అడ్డం పెట్టుకుని రాస్తున్నాను.

ఆ గుండు నేను కావాలని వదల్లేదమ్మా. అతికించాననే అనుకున్నాను. ఎనభై ఏడూ ఉన్నాయనుకునే పెట్టెలో సర్ది బస్సుకిచ్చాను. పోయిన రంజానుకు ముందు నుంచే నా చూపు పక్కల నుంచి తరిగిపోతోంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తే దాని పక్కది కనిపించదు. కళ్ళ డాక్టరుగారు నీటికాసులన్నారు. పోయింది తిరిగి రాదట, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేరట. ఫస్టు ప్రైజన్న సంతోషంలో ఇదంతా నీకు చెప్పడానికి నోరు రాలేదు.

ఫ్రాన్సియాన్ని కాల్చినా, యాసిడ్‌లో వేసినా, సుత్తితో కొట్టినా ఆ తరిగిపోవడం ఒక్క నిమిషం కూడా ఆగదని రాశావు కదా. నేను నమ్మలేదు. నిప్పుకు లొంగని లోహం ఏముంటుందని నలభై ఏళ్ళ పనివాడి పొగరు. ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి గోడమీది క్యాలెండరు ఎంతవరకు కనిపిస్తోందో చూసుకుంటున్నాను. నమ్ముతున్నాను.

ఆరు బొమ్మలకీ కూర్చున్నాను. మూడు వారాల్లో ఒక్క చుట్టు కూడా నిలబడలేదు. గుండు పట్టుకారులోంచి జారుతుంది, నేల తడుముకుంటాను. "ఇటివ్వు బావా, నేను చేస్తా" అన్నాడు నరసింహం. "నా కూతురు మాటిచ్చింది నా చేతుల మీద, నీ చేతుల మీద కాదు" అని కసిరాను. మర్నాడు నేను వచ్చేసరికి రాలిన గుండ్లన్నీ ఏరి నా గిన్నెలో పోసి, ఏమీ ఎరగనట్టు గొలుసు అల్లుకుంటున్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

అయినా ఏం చేయను, నా సంతోషం తగ్గటం లేదు! తండ్రి తప్పును నలుగురిలో గుణంగా నిలబెట్టిన కూతురు ఎందరికుంది? కానీ సత్యవతమ్మగారికి నిజం చెప్పు. నరసింహం చేస్తే చేయనీ. మాట తప్పింది నేను, నువ్వు కాదు.

ఈ కవరులో కాగితం మడతలో ఒక గుండు ఉంది. రెండు డొప్పలు కలిపి అతికి మెరుగు పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. నాకు చేతనైనది ఇదొక్కటే. ఏడో చుట్టులో పెడతావో, ఖాళీగానే ఉంచుతావో నీ ఇష్టం. అతుకు సరిగ్గా కుదిరిందో లేదో మాత్రం చూసి రాయి.

కాస్త పెద్ద అక్షరాలతో రాయి, తల్లీ.

నీ అబ్బా,
అల్లావుద్దీన్