నీళ్ల గిన్నెకు చుట్టుకున్నప్పుడు

అవ్వా, పని మీద బోధన్ పోతున్న, రేపు పొద్దుగాల వస్త. మగపామును ఆడదాని డబ్బాలనే ఉంచిన. రెండూ పెనవేసుకొని ఉన్నయి. మూత తియ్యకు, గదిల లైటు వెయ్యకు.

నేను ఫోన్ల తారీఖులు చూసి రెండుసార్లు కలిపితే అవి ఒకదాన్నొకటి పట్టించుకోలే. నువ్వేమో బియ్యం ఏరుకుంట, "ఆడది డబ్బాల వెచ్చటి మూల ఇడిసి నీళ్ల గిన్నెకు సుట్టుకుంటున్నది, తిండి బంద్ పెట్టింది. ఇప్పుడు కలుపు బిడ్డా" అన్నవ్. బర్రె ఎదకొచ్చిందని ముందే చెప్పే కన్ను నీది. మూడేండ్ల సంది పాములను పెంచుతున్న, నాకు కనబడలే.

చాయ్ ఫ్లాస్కుల ఉంది.

ఇంకో ముచ్చట. పాముల దిక్కు సూడనే సూడనంటవ్ కదా. ఆ గది కిటికీ కింద నీ పీట దొరికింది. తియ్యలే, మీద దుప్పటి మడిచి పెట్టిన.