నిన్ను లేపిన మధ్యాహ్నాలు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకొచ్చిన వణుకు జబ్బే మావయ్యకూ వచ్చింది. నిన్న అత్తా నేనూ ఆయన్ని విజయనగరంలో డాక్టరుకు చూపించాం. చేతుల వణుకు చూశాక డాక్టరు, "ఏ వేళకి అలసట వస్తుంది?" అని అడిగాడు. మావయ్య సిగ్గుపడి తల దించుకున్నాడు. అత్త ఊరుకుంటుందా?

"ఏలా పాలా ఏటుంది బాబూ, పొద్దెక్కితే సాలు, గోనెమూటలాగ పడుంతాడు. వళ్ళు బద్దకం!"

"బద్ధకం కాదమ్మా, అదీ జబ్బే," అన్నాడు డాక్టరు. మందు పనిచేసే వేళలోనే పని చెప్పాలట. పూర్తిగా అలిసిపోకముందే పడుకోనివ్వాలట. రోజూ కాస్త నడిపించాలట.

నీది నీరసమనుకుని అమ్మా నేనూ పూటపూటా చోడి అంబలి తాగించాం. మధ్యాహ్నం పడుకుంటే లేపి, చేతికి గోగునార ఇచ్చి తాడు పేనమన్నాం. పడుకునేకొద్దీ నీరసం పెరుగుతుందని నీకు చెప్పింది నేనే. కాలేజీలో చదివినదాన్ని కదా, నువ్వు నమ్మి లేచి కూర్చునేవాడివి.

ఈరోజు మావయ్య పొద్దున్నే కాసేపు నారుకట్టలు కట్టి, ఎండెక్కకముందే పడుకున్నాడు. అలవాటు కొద్దీ లేపడానికి వెళ్లిన అత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒసే, మీ నాన్న పడుకున్నదీ ఇందుకేనేటే?" అంది మెల్లగా.

అవునన్నాను.