గుల్జార్ బేగం గారి యాషికా

జనవరి 24, శనివారం

కెమెరా పడేశాను. నాది కూడా కాదు. గుల్జార్ బేగం గారిది.

అమ్మ మగ్గం నేస్తుంటే ఫిల్మ్ మీద ఫోటో తీయాలని అడిగి తెచ్చుకున్నాను. పాత యాషికా. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాను, మోచెయ్యి తగిలింది. మగ్గం గుంటలో, అమ్మ కాళ్ల దగ్గర పడింది. కింది లెన్స్ చిట్లింది. షట్టర్ నొక్కితే కదలడం లేదు.

అమ్మ నేత ఆపి, ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యమంది. రేపు చేస్తానన్నాను.

జనవరి 25

చేయలేదు.

జనవరి 27, మంగళవారం

సెలవు పెట్టి చీరాల నుంచి గుంటూరు వెళ్లాను. కెమెరాలు బాగుచేసే అంకమ్మరావు గారి కొట్టు మిర్చి లారీలు పోయే రోడ్డు మీద ఉంది. ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. షట్టర్ బాగవుతుందట. లెన్స్ మాత్రం ఇంకో పాడైన కెమెరా దొరికితే దాన్లోంచి తీసి వేయాలట. రెండు నెలలు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. అదే మోడల్ హైదరాబాదులో ఒకాయన దగ్గర ఉంది, వారంలో తెప్పిస్తానన్నారు. రిపేరా, రీప్లేసా, మీరే తేల్చుకోండమ్మా అన్నారు.

తేలలేదు. రైల్లో చీరాల దాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

జనవరి 28, ఉదయం 7

బేగం గారే ఫోన్ చేశారు. 

మనవరాలు సైమా నిఖా ఎనిమిదో తారీఖట. మగ ఫోటోగ్రాఫర్లని లోపలికి రానివ్వని ఇళ్లల్లో ముప్పై ఏళ్లు పెళ్లికూతుళ్లకి ఫోటోలు తీసింది ఈవిడే. ఇప్పుడు షుగర్ వల్ల చూపు మసక. సైమాకి ఒక్క ఫోటో తీసి ఇక మానేస్తాను, ఆరో తారీఖుకి కెమెరా తెచ్చివ్వు చాలు అన్నారు.

సరేనండి అన్నాను. ఎలా అన్నానో.

మా ఆయన లక్ష్మీకాంత్, అదే మోడల్ కొనిచ్చెయ్, ఆవిడకి కనపడదు కదా అన్నాడు. చెడ్డవాడు కాదు. నాలుగు రోజులుగా నేను సరిగ్గా తినడం లేదని అన్నాడు.

అంకమ్మరావు గారికి ఫోన్ చేసి తెప్పించమన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

వచ్చింది. అదీ పాతదే, కానీ ఎవరూ వాడినట్టు లేదు. తోలు నిగనిగలాడుతోంది. బేగం గారి దాని మీద బొటనవేలు ఆనేచోట తోలు బాగా అరిగిపోయి ఉంటుంది.

ఉప్పుకాగితం తెచ్చి కొత్తదాన్ని కూడా అదే చోట రుద్దాను. పావుగంట. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

రెండూ సంచిలో పెట్టుకుని బేగం గారింటికి వెళ్లాను. కొత్తది పైన, పాతది అడుగున. పైదొక్కటే ఇచ్చి వచ్చేద్దామని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఇచ్చాను. ఆవిడ బొటనవేలు తోలు మీద ఒకసారి జరిగి ఆగింది. అమ్మ బాగుందా అని అడిగారు. అంతే అడిగారు. రెండోది కూడా తీసి ఒళ్లో పెట్టి మొత్తం చెప్పేశాను.

చిట్లిన లెన్స్ మీద వేలు పెట్టి తడిమారు. తర్వాత, ఇంకోదాన్ని ఇలా గీకింది ఎవరు అన్నారు. నేనే అన్నాను. పడింది, పడే వస్తువే, దానికి కాదు, నేను గుడ్డిదాన్నని లెక్కేసుకున్నావు చూడు, అదీ నాకు బాధ అన్నారు.

ఏది పనిచేస్తోంది అన్నారు. చూపించాను. అది దగ్గర పెట్టుకుని పాతది నా చేతికిచ్చారు. బాగుచేయించి తెమ్మన్నారు. ఎన్ని నెలలైనా సరే, అదే కావాలట.

ఎప్పుడూ టీ ఇచ్చేవారు. ఇవాళ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 7

పాత కెమెరా గుంటూర్లో ఇచ్చి వచ్చాను. రేపు నిఖాకి వెళ్లాలా? రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

వెళ్లాను. గోడ పక్కన నిలబడ్డాను. సైమా కుర్చీలో కూర్చుంది. బేగం గారు తల వంచి కెమెరాలోకి చాలాసేపు చూశారు. తల ఎత్తకుండానే చేత్తో నన్ను పిలిచారు. ఫోకస్ నువ్వు చూడు అన్నారు.

సైమా ముక్కుపుడక స్పష్టంగా కనపడేదాకా తిప్పాను. చాలండి అన్నాను. ఆవిడ నొక్కారు.

రోల్లో ఇంకా పదకొండు ఫోటోలకి ఫిల్మ్ ఉంది. బేగం గారి పక్కింటి కొండమ్మ తల దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.