ఎండ బయల్దేరిన చోటు

డోన్, 1944 ఏప్రిల్, శుక్రవారం

ఈరోజు ఆరో తరగతికి సూర్యుడి పాఠం చెప్పాను. రాళ్లగనిలో వడదెబ్బ తగిలి తండ్రి పోయాక నాగమ్మ బడికి రావడం ఇదే మొదలు. పాఠం వాయిదా వేద్దామంటే పరీక్షలు దగ్గరపడ్డాయి.

సూర్యుడి నడిగర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారుతుందనీ, అక్కడ పుట్టిన వేడి పొరలన్నీ దాటి పైకి రావడానికి వేల ఏళ్లు పడుతుందనీ, అక్కణ్ణుంచి మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాలు చాలనీ చెప్పాను.

నాగమ్మ లేచి నిలబడింది. "అయ్యవారూ, మా నాయన మీద పడిన ఎండ, మా నాయన పుట్టకముందే బయల్దేరింటాదా?"

"అవునమ్మా."

"అయితే మా నాయన ఒక గడియ నీడకు పోయింటే, అది ఉత్త బండ మీద పడిండేది గదా."

నేను బోర్డు వైపు తిరిగి, గీసిన సూర్యుడి బొమ్మనే మళ్లీ గీశాను.

బడి వదిలాక నాగమ్మ వాకిట్లో ఆగింది. "మా అమ్మ రేపట్నుంచి ఆ గనికే పోతాండాది. ఏ పొద్దులో ఎండ శానా చెడ్డదో చెప్పండి, అమ్మకు చెప్తా."

"పదకొండు నుంచి మూడు దాకా నీడన ఉండమను."

"మేస్త్రీ ఉండనీడు, అయ్యవారూ" అని వెళ్లిపోయింది.

ఆ మేస్త్రీతో మాట్లాడాలి. మాట్లాడితే వాళ్లమ్మకు ఆ పని కూడా లేకుండా పోతుందేమో...