తెర మీది రెండంకెలు

నవంబర్ 3, 2025. సోమవారం

మళ్లీ డైరీ మొదలుపెట్టాను. గ్రూప్-2 చదివే రోజుల్లో రాసేదాన్ని, నాలుగోసారి కూడా రాకపోయేసరికి మానేశాను. ఇప్పుడు రాయకపోతే తల పగిలేట్టుంది.

పోయిన నెల 26న పెట్టాల్సిన మా కోచింగ్ సెంటర్ మాక్ టెస్ట్ పేపర్ 25 సాయంత్రమే టెలిగ్రామ్‌లోకి వచ్చేసింది. రెండు వేల మంది రాసే టెస్ట్. అశోక్ నగర్‌లో ఇలాంటి వార్త టీ చల్లారేలోపు అన్ని కోచింగ్ సెంటర్లకీ చేరుతుంది. డైరెక్టర్ నాగేందర్ సార్ ఆ రోజు నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. ఈ రోజు నన్ను పిలిచి, ఒకని పేరు మీద ఇంకొకడు లోపటికి రావద్దు మాధురీ, ఎవడు ఏం జేసిండో నాకు తెల్వాలె, పదిహేడో తారీఖు కొత్త బ్యాచ్ షురూ అయితది, ఆలోపు అయిపోవాలె అన్నారు.

ఇక్కడ ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనూ, ఒక స్క్రూడ్రైవరూ. అందుకని సింగిల్ సైన్-ఆన్, అంటే అన్నిటికీ ఒకటే లాగిన్ పెట్టే పని నా నెత్తిన పడింది. ఇన్నాళ్లూ ఆఫీసు మెయిల్‌కి ఒక పాస్‌వర్డ్, ప్రశ్నల బ్యాంకు యాప్‌కి ఇంకో పాస్‌వర్డ్. యాప్ పాస్‌వర్డ్‌ని స్టాఫ్ రూమ్ బోర్డు మీద రాసుకున్న మహానుభావులు కూడా ఉన్నారు. ఇకపై మెయిల్ డైరెక్టరీలో పేరున్నవాళ్లకే యాప్ తెరుచుకుంటుంది. పైగా ఫోన్‌లో కూడా ఒప్పుకోవాలి.

నవంబర్ 4

పొద్దున్నుంచీ పేర్లు కలుపుతున్నాను. డైరెక్టరీలో ఉన్న మెయిల్, యాప్‌లో ఉన్న మెయిల్ ఒకటే అయితేనే మనిషి లోపలికి వెళ్తాడు. మన వాళ్లు యాప్‌లో ఎవరికి తోచిన మెయిల్ వాళ్లు ఇచ్చుకున్నారు. జాగ్రఫీ ఆయన తన బామ్మర్ది మెయిల్ ఇచ్చాడు. ఎందుకంటే గుర్తులేదట.

మధ్యాహ్నం మెయిల్‌నీ యాప్‌నీ కలిపే డిజిటల్ సర్టిఫికెట్ ఎక్కించి నా పేరుతో పరీక్షించాను. తెరుచుకుంది. కుర్చీలోనే చిన్నగా ఎగిరాను, ఎవరూ చూడలేదు.

పేరు కలవకపోతే వచ్చే ఇంగ్లీషు ఎర్రర్ చూసి హిస్టరీ మేడం కంప్యూటర్ పాడైందనుకుని స్విచ్ తీసేశారు. దాన్ని తీసేసి తెలుగులో ఒక మెసేజ్ పెట్టాను. అందులో నా పేరు ఎందుకని నాగేందర్ సార్ అడిగారు. ఎవరిని అడగాలో తెలియాలి కదా సార్ అన్నాను. కాస్త గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

నవంబర్ 6. గురువారం

స్టాఫ్ రూమ్‌లో ఫోన్ల నమోదు. కంప్యూటర్ తెర మీద రెండంకెల నంబర్ వస్తుంది. దాన్ని చూసి ఫోన్‌లో కొట్టాలి. 17 నుంచి రోజూ పొద్దున ఇలా మళ్లీ అడగాలన్న రూల్ పెట్టింది నేనే. క్లాసుకు వెళ్లేముందు ప్రతి ఒక్కరూ ఇక్కడ లాగిన్ కావాలన్నది నాగేందర్ సార్ రూల్.

ఉమాకాంత్ సార్ వంతు వచ్చింది. పాలిటీ చెప్తారు, ఇరవై ఆరేళ్లుగా. నాకూ చెప్పారు. నాకు సర్కారు ఉద్యోగం రాదని తేలాక ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. తెర మీద 47 వచ్చింది. ఆయన ఫోన్ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. కండ్లద్దాలు ఇంట్లనే మరిచిన బిడ్డా, నువ్వే కొట్టెయ్ అన్నారు. కొట్టాను.

అద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి.

నవంబర్ 7

నాగేందర్ సార్ లాగిన్ల చిట్టా అడిగారు. 25న పేపర్ తెరిచిన ఫ్యాకల్టీ అకౌంట్లు అని ఫిల్టర్ పెట్టి తీశాను. ఉమాకాంత్ సార్ అకౌంట్‌తో సాయంత్రం 6:40కి చిక్కడపల్లిలోని ఆయన ఇంటి ఇంటర్నెట్ నుంచి పేపర్ తెరిచారు. ఆ టైమ్‌కి ఆయన ఇక్కడ రెండో అంతస్తులో, ఆరు నుంచి ఎనిమిది దాకా జరిగే క్లాసులో ఉన్నారు. హాజరు కూడా ఉంది.

పంపేశాను. చదివి, ఆలోచించి, ఆయన్ని ఒక మాట అడిగి పంపాల్సింది. నాలుగు నిమిషాల్లో పంపేశాను. పని తొందరగా చేస్తానని పేరు కదా నాకు.

నవంబర్ 8. శనివారం

నాగేందర్ సార్ తేల్చేశారు. పెద్దమనిషి, పోలీసుల దాకా పోవద్దు, పదిహేడు నుంచి పాలిటీ వేరేవాళ్లు చెప్తరు, రెస్ట్ తీసుకోమందాం అన్నారు. ఇంకా రుజువు కాలేదు సార్ అన్నాను. నువ్వు పంపిన కాయితమే కదా అన్నారు.

అవును, నేను పంపినదే.

నవంబర్ 9. ఆదివారం. సాయంత్రం 5

పొద్దున నారాయణగూడ నుంచి నడుచుకుంటూ చిక్కడపల్లి వెళ్లాను. ఆటో ఎక్కితే తొందరగా చేరిపోతానని భయం. సార్ ఇల్లు గానసభ హాలు వెనక సందులో, మొదటి అంతస్తు. తలుపు తీసింది విజయశ్రీ మేడం, ఆయన భార్య. టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో మన యాప్. ఆయన పేరు. సగం టైపు చేసిన ప్రశ్న, గవర్నర్ అధికారాల మీద.

ఇద్దరూ దాచలేదు. గ్లకోమా. మూడేళ్లుగా చూపు పక్కల నుంచి తగ్గుతూ వచ్చి, ఈ ఎండాకాలం నుంచి అక్షరం కనిపించడం లేదు. మనిషి ఆకారం, వెలుగు, తెల్ల చొక్కా తెలుస్తాయట. మొదట్ల ఆయన చెప్తుంటే నేను టైపు కొడుతుంటి అంది మేడం. తర్వాత నేనే పుస్తకం చదివి వినిపించుడు. ఇప్పుడు ప్రశ్న నేనే తయారు చేస్త, ఆయన విని తప్పుంటె చెప్తరు. నేను ఇంటర్ దాకనే చదివిన, అది తప్పా అని అడిగింది. 25న సాయంత్రం ఆమె తెరిచింది జవాబుల కీ సరిచూడడానికి. రెండు తప్పులు పట్టింది కూడా.

క్లాసులో ఆయన బోర్డు వాడరని పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. మొత్తం నోటికే చెప్తారు, ఆర్టికల్ నంబర్లతో సహా. నేనూ గొప్పే అనుకున్నాను.

నా కాగితం సంగతీ, పదిహేడు నుంచి క్లాసులు వేరేవాళ్లకన్న సంగతీ చెప్పేశాను. పాస్‌వర్డ్ ఇంట్ల ఇచ్చిండు, బద్దకపోడు అని చెప్పు బిడ్డా, కండ్ల సంగతి మాత్రం చెప్పకు అన్నారు సార్. దొంగ అంటున్నారు సార్ అన్నాను. దొంగ అంటే నేను కాదని చెప్పుకుంట, కండ్లు పోయినయ్ అంటే ఏం చెప్పుకోవాలె, శాలువా కప్పి, ఫొటో దిగి ఇంటికి పంపిస్తరు అన్నారు. క్లాసుల నాకు అన్నీ కనవడ్తయ్ అని కూడా అన్నారు.

మేడం చాయ్ ఇచ్చింది. తాగలేక తాగాను.

నవంబర్ 11. మంగళవారం

అసలు దొంగ దొరికింది.

17 నుంచి పాత పాస్‌వర్డులేవీ పనిచేయకూడదు కాబట్టి యాప్‌లో మిగిలిపోయిన పాత అకౌంట్ల లిస్టు తీశాను. అందులో test1. మూడేళ్ల కిందట నేను సృష్టించినది. అప్పుడొక ఆదివారం మా ప్రింటర్ మొరాయిస్తే, పేపర్లు ప్రింట్ తీయడానికి కింద ఎల్లేష్ అన్న జిరాక్స్ షాపులో కంప్యూటర్ మీద నేనే తెరిచిచ్చాను. తర్వాత ఆ అకౌంట్ మూసేయాల్సింది. మరిచిపోయాను. test1తో చివరి లాగిన్: అక్టోబర్ 25, సాయంత్రం 5:52. తెరిచింది ఆ పేపరే.

నా ఫిల్టర్‌లో ఫ్యాకల్టీ అకౌంట్లే అడిగాను. test1 ఫ్యాకల్టీ కాదు.

షాపుకి వెళ్లాను. ఎల్లేష్ అన్న పాపం ఎప్పటిలాగే నవ్వుతూ కూర్చోమన్నాడు. ఆ కంప్యూటర్ ఇప్పుడు ప్రింట్లు తీసుకోవడానికి వచ్చేవాళ్లందరికీ వదిలేశాడట. బ్రౌజర్‌లో మన యాప్ అడ్రస్ మొదటి అక్షరం కొట్టగానే మిగతాది దానంతటదే వచ్చింది. పేరు వచ్చింది. చుక్కల్లో పాస్‌వర్డ్ కూడా వచ్చింది. ఏమన్న అయిందా అక్కా, జర పరేషాన్‌గ కనవడ్తున్నవ్ అన్నాడు. ఏం లేదన్నా అని, ఆ పాస్‌వర్డ్ తుడిచేసి వచ్చేశాను.

ఎవరో స్టూడెంట్ చూసి ఉంటాడు. రోజుకు మూడు వందల మంది వచ్చే షాపు. ఎవరో తెలియదు, తెలిసే దారి కూడా లేదు. తలుపు మాత్రం నేను తెరిచి పెట్టిందే.

నవంబర్ 12

test1ని డిలీట్ చేస్తే దాని చిట్టా కూడా పోతుంది.

నవంబర్ 14. శుక్రవారం

చేయలేదు. చెప్పనూ లేదు. నిన్నంతా ఆ పేజీ తెరిచి మూశాను. నేను ఇంత పిరికిదాన్నని నాకు తెలియదు. నలభై ఇద్దరు ఫ్యాకల్టీకి సెక్యూరిటీ మీద క్లాసు పీకినప్పుడు గొంతు ఎంత గట్టిగా వచ్చిందో.

ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి ఎక్కడుంది? ముప్పై నాలుగేళ్లు. చేతిలో ఉన్నది నాలుగు ఫెయిలైన గ్రూప్-2లు, ఈ ఒక్క అనుభవం. ఇక్కణ్నుంచి ఎందుకు తీసేశారని అడిగితే, పాస్‌వర్డ్ జిరాక్స్ షాపులో వదిలేశాను అని చెప్పాలా?

మధ్యాహ్నం మెట్ల మీద ఉమాకాంత్ సార్ ఎదురొచ్చారు. గోడకి చెయ్యి ఆనించి దిగుతున్నారు. ఇన్నాళ్లూ మోకాళ్ల నొప్పులనుకున్నాను. నా అడుగుల చప్పుడు విని, మాధురేనా అన్నారు. ఔను సార్ అన్నాను. సోమవారం నుంచి రావొద్దని నాగేందర్ సాబ్ ఇంకా నాతోని అనలేదు, మొహమాటపడుతున్నట్టున్నడు పాపం అని నవ్వారు.

కోపం వచ్చింది. ఆయన మీదే వచ్చింది, అలా నవ్వినందుకు.

నవంబర్ 15. శనివారం. మధ్యాహ్నం 12:30

చెప్పేశాను.

test1 చిట్టా ప్రింట్ తీసి నాగేందర్ సార్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. ఇంకెవరికి తెలుసు అని అడిగారు. నాకూ మీకూ అన్నాను. ఎల్లేష్ షాపుకు పోయి ఎవ్వరితోని లొల్లి పెట్టొద్దు అన్నారు. సోమవారం పని పూర్తి చేసి, తాళాలన్నీ ఫణికిరణ్‌కి అప్పజెప్పు, తర్వాత రాకు అన్నారు. ఫణికిరణ్ యాప్ కంపెనీ మనిషి, ఇకపై వారానికి రెండు రోజులు ఇక్కడే కూర్చుంటాడు.

మరి ఉమాకాంత్ ఒకటే టైమ్‌ల రెండు జాగల ఎట్లున్నడు అని అడిగారు. ఇంట్లో టైపు చేసేది వాళ్ల మేడం సార్, ప్రశ్నలు కూడా ఆమే తయారు చేస్తుంది, పోయిన టెస్ట్‌లో రెండు తప్పులు పట్టిందీ ఆమే, ఆమెకు వేరే అకౌంట్ ఇచ్చేస్తే సరిపోతుంది అన్నాను. ఆయనే ఎందుకు కొట్టుకోడు అన్నారు. సార్‌కి కంప్యూటర్ అంటే బద్ధకం సార్ అన్నాను.

సూటిగా మొహంలోకి చూసి చెప్పాను. నమ్మారు. క్లాసులు ఆయనకే ఉంచుదాంలే అన్నారు.

తేలిక పడతాననుకున్నాను, పడలేదు. కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాను, ఆరు.

నవంబర్ 17. సోమవారం

ఉదయం 8:30. పాత పాస్‌వర్డులన్నీ ఆగిపోయాయి. test1 కూడా.

ఉమాకాంత్ సార్ కోసం ఒక యూఎస్‌బీ కీ తెప్పించాను. వేలెడంత ఉంటుంది. కంప్యూటర్‌కి పెట్టి, పిన్ కొట్టి, దాని మీద వేలు ఆనిస్తే చాలు. తెర మీద నంబర్ చూడక్కర్లేదు. ఆయన వేళ్లతో కీబోర్డు అంచులు తడుముకుని ఆరంకెలు కొట్టారు. ఏవో ఆర్టికల్ నంబర్లే అయి ఉంటాయి. నేను తల తిప్పుకున్నాను. పచ్చటి టిక్ వచ్చింది. వచ్చిందా బిడ్డా అని అడిగారు. వచ్చింది సార్ అన్నాను. ఈ ఒక్క మాట రోజూ ఎవరు చెప్తరు అన్నారు. ఆ సంగతి నేను ఆలోచించలేదు. స్పీకర్ పెట్టి, లాగిన్ కాగానే చిన్న గంట మోగేలా చేశాను. స్టాఫ్ రూమ్‌లో అందరికీ మోగుతుంది, ఎవరూ కారణం అడగలేదు.

11:10. విజయశ్రీ మేడం ఫోన్. మొదటిసారి తన పేరుతో లోపలికి వెళ్లిందట. ప్రశ్న కింద నా పేరు పడుతున్నది మాధురీ, తీసెయ్యాల్నా అని అడిగింది. ఉండనివ్వండి అన్నాను. గవర్నర్‌ది పూర్తి చేసిన అంది.

సాయంత్రం 4:45. ఫణికిరణ్‌కి అన్నీ అప్పజెప్పాను. నా పేరు తీసేసే బటన్ అతన్ని నొక్కమన్నాను. మీరే నొక్కండి మేడం, నాకెట్లనో ఉంది అన్నాడు. నేనే నొక్కాను. ఉమాకాంత్ సార్ క్లాసు జరుగుతోంది. కారిడార్‌లోకి వినిపిస్తోంది. చెప్పకుండా వచ్చేశాను.

నవంబర్ 18. ఉదయం 10:20

ఇంట్లో ఉన్నాను. ఊరికే నా పేరు కొట్టి చూశాను. తెర మీద వచ్చింది:

మీ పేరు మా జాబితాలో కనిపించలేదు. కంగారు పడకండి. రెండో అంతస్తులో మాధురి గారిని కలవండి. ఆమె సాయంత్రం అయిదింటి వరకు ఉంటారు.