గాలి కోసం తబ్దీలి

గద్వాల, 1941. శనివారం, దీపాలు పెట్టినంక.

కచ్చేరిల కూసుంటే రొమ్ము పట్టేసినట్లయితుందంటే హకీం సాబ్ మందియ్యలే. "దినాం గంటసేపు ఏటిగడ్డకు పో, గాలి మార్చుకో" అన్నడు. నిన్న శుక్రవారం సెలవాయె, కృష్ణ ఒడ్డుకు పోయి కూసున్న. ఎన్నాళ్లకో నిండుగ ఊపిరాడింది.

అందుకే ఇయ్యాల సాయంత్రం గంట ముందు పోనియ్యమని అర్జీ పెట్టిన. ఉర్దూల "గాలి కోసం తబ్దీలి కావాలె" అని కారణం రాసిన. తబ్దీలంటే మార్పు, కచ్చేరిల బదిలీ గూడ అదే. మా మీది అధికారి పేష్కార్ సాబ్‌కు తబ్దీలి ఒక్కటే కనబడ్డది. "జాగ మార్చాల్నా? మారుస్తం తీయ్!" అని నా రాతబల్లను పాత కాయితాల అర్రలకు మోపిచ్చిండు. దానికి కిటికీ గూడ లేదు.

"గాలి మారిందా?" అని మా ఇంటామె అడిగింది. అంగికంటిన పాత కాయితాల దుమ్ము దులిపి చూపిచ్చిన.

మళ్ల అర్జీ రాయాలంటే భయమైతుంది. ఈసారి ఏటిగడ్డ అని రాస్తే, ఏటిగడ్డ భూముల కాయితాలన్ని తెచ్చి నా ముంగటేస్తరేమో...